భుజం మీద చెయ్యి

పెద్దాయన దగ్గరికి పని మీద వెళ్ళినవాళ్ళు రెండు రకాలుగా బయటికి వచ్చేవారు. కొందరు ముఖం మాడ్చుకుని, కొందరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వు ముఖంతో. ముఖం మాడ్చుకున్నవాళ్ళ పని అయ్యేది. నవ్వుకుంటూ వచ్చినవాళ్ళది అయ్యేది కాదు. ఈ కిటుకు తెలిసినవాళ్ళు మొత్తానికి ఇద్దరే. ఒకరు పెద్దాయన, రెండోవారు ఆయన పి.ఎ.

పి.ఎ.ని పార్టీలో అందరూ గుమ్మం గారు అనేవారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. పొద్దున్నే పెద్దాయన ఇంటి కింది హాల్లో జనం బెంచీల మీద నిండిపోతే, కిటికీ పక్క కుర్చీలో పెద్దాయన కూర్చునేవాడు, హాలుకు ఆ చివర ఆఫీసు గది తలుపు దగ్గర ఈయన నిలబడేవాడు. పెద్దాయన మాట వినపడనంత దూరం, చెయ్యి కనపడేంత దగ్గర. వచ్చినవాళ్ళు పెద్దాయనతో గోడు చెప్పుకుని, తర్వాత ఈయన దగ్గరికి వచ్చి వివరాలు ఇచ్చి వెళ్ళాలి. పద్ధతి అది.

పెద్దాయన ఎదుటివాడి మీద విసుక్కుని, అడ్డదిడ్డంగా రెండు ప్రశ్నలు వేసి, "సరే, అక్కడ ఇచ్చిపో" అని ముఖం తిప్పుకున్నాడంటే గుమ్మం గారు వెంటనే ఫోన్ తీసేవారు. అదే పెద్దాయన లేచి నిలబడి, ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేసి, "నేను లేనూ?" అన్నాడంటే మాత్రం ఫోన్ జేబులోంచి బయటికి వచ్చేది కాదు. గుమ్మం గారు వివరాలన్నీ శ్రద్ధగా వింటున్నట్టు తల ఊపి, "అయ్యగారు చెప్పాక ఇంకేముందండీ, మీరు నిశ్చింతగా వెళ్ళండి" అని సాగనంపేవారు. అంతే సంగతులు.

ఇది ఎవరూ నోరు విప్పి చెప్పుకున్న ఏర్పాటు కాదు. కొత్తగా గెలిచిన రోజుల్లో పెద్దాయన మనసు నిజంగానే మెత్తన. చేయలేని పని అడిగితే కాదని చెప్పలేక నీళ్ళు నమిలేవాడు. నోటికి మాట రాక, ఏం చేయాలో తోచక, పాపం అనుకుని భుజం మీద చెయ్యి వేసేవాడు. గుమ్మం గారు చురుకైన మనిషి. చెయ్యి పడ్డ పనులు ఎలాగూ అయ్యేవి కావని కొద్ది రోజుల్లోనే కనిపెట్టి, వాటి వెంట తిరగడం మానేశారు. ఆయన మానేశారని పెద్దాయన కనిపెట్టాడు. ఏమీ అనలేదు. ఇంకొన్నాళ్ళకు, చేయగలిగినా చేయడం ఇష్టంలేని పనులకు కూడా ఆ చెయ్యి లేవడం మొదలుపెట్టింది. జాలితో మొదలైంది అలవాటయింది, అలవాటయింది అవసరమయింది. మనుషులు చెడిపోయేది ఇలాగే, ఒక్కసారిగా ఎవడూ చెడిపోడు.

తమాషా ఏమిటంటే, పని అయినవాళ్ళు పెద్దాయనని తలుచుకునేవారు కాదు. "ఆయన ముఖం చిట్లించాడు, మన అదృష్టం బాగుండి పని అయింది" అనుకునేవారు. చెయ్యి వేయించుకున్నవాళ్ళే ఆయన కోసం ప్రాణం పెట్టేవారు. "అయ్యగారు పాపం ఎంతో చెప్పారు, కింది వెధవలే చేయలేదు" అని ఊరంతా చెప్పుకునేవారు. ఎన్నికలొస్తే పొద్దున్నే వచ్చి వరుసలో నిలబడి ఓటేసేవాళ్ళు వాళ్ళే. అలా గెలిచీ గెలిచీ, నల్లటి జుట్టుతో శాసనసభ వెనక వరుసలో కూర్చున్న మనిషి, ఆ జుట్టంతా రాలిపోయేనాటికి ముందు వరుస మొదటి కుర్చీకి వచ్చాడు. ముఖ్యమంత్రులు మారారు. పార్టీ చీలింది, అతుక్కుంది, మళ్ళీ చీలింది. ఆయన కుర్చీ మాత్రం కదల్లేదు. మంత్రి పదవి ఇస్తామంటే ఏనాడూ తీసుకోలేదు. తీసుకోవలసిన అవసరం లేదు కూడా, పార్టీ ఆఫీసులో ఆయన దగ్గితే సచివాలయంలో మంత్రులు మంచినీళ్ళు తాగేవారు.

అంతటి పెద్దాయనని "చిన్నోడా" అని పిలిచే మనిషి ఒక్కరే మిగిలారు. ఆయన అక్క.

అక్కకి బస్సు డిపో వెనక వీధిలో ఇస్త్రీ కొట్టు ఉంది. కింద కొట్టు, పైన రెండు గదులు. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి సాకింది ఆ కొట్టుతోనే. మొదటి ఎన్నికల ప్రచారానికి పెద్దాయనకి ఉన్నవి రెండే తెల్ల చొక్కాలు. ఒకటి ఒంటి మీద ఉంటే ఒకటి అక్క చేతిలో ఇస్త్రీ పెట్టె కింద ఉండేది. తమ్ముడు గెలిచాక ఆమె కొట్టు మూయలేదు, ఇల్లు మారలేదు. "వాడి కుర్చీ వాడిది, నా బల్ల నాది" అనేది. ఇన్నేళ్ళలో తమ్ముడి హాల్లో బెంచీ మీద కూర్చున్న పాపాన పోలేదు. అడగవలసి వస్తే ప్రాణం పోతుంది ఆమెకి. భర్త పోయిన తర్వాత ఒక్కగానొక్క కొడుకుని డిపోలో మెకానిక్కుని చేసుకుంది, అదీ పరీక్ష రాయించే. మావయ్య పేరు ఎక్కడా వాడుకోవద్దని కొడుక్కి మరీ మరీ చెప్పింది.

కొడుకు వాడుకున్నాడు, ఇంకో రకంగా. ఆ ఏడాది బస్సు కార్మికులు సమ్మెకి దిగారు. డిపో గేటు ముందు స్టూలెక్కి, "మా మావయ్య గెలిచిన ప్రతిసారీ మీకు మాట ఇచ్చాడు. ఆ మాటలన్నీ పోగేస్తే బస్సు టాపు మీద కూడా పట్టవు" అన్నాడు. జనం ఈలలు వేశారు. సాయంత్రానికల్లా ఆ ముక్క పెద్దాయన చెవిన పడింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసిన గుమ్మం గారు నవ్వలేదు.

పోలీసులు కార్మికుల్ని పట్టుకుపోవడం మొదలుపెట్టినా సమ్మె ఆగలేదు. సాగుతున్నకొద్దీ పార్టీ పరువు పోతోందని పై కమిటీ కూర్చుంది. లొంగేది లేదని తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని సభలో గట్టిగా వినిపించింది పెద్దాయనే. "పట్టుకున్నవాళ్ళలో ఒక్కరిని కూడా వదిలేది లేదు" అని బల్ల గుద్ది చెప్పాడు. ఆ మాటకి వెనక వరుసలన్నీ చప్పట్లు కొట్టాయి. పట్టుకున్నవాళ్ళని స్టేషన్లు సరిపోక ఊరి చివర పాత గోదాముల్లో పెట్టారు. వాళ్ళలో మేనల్లుడు ఉన్నాడు. అతనికి పదేళ్ళ వయసు నుంచీ షుగర్. పూటపూటా ఇన్సులిన్ పొడుచుకోకపోతే బతకడు. ఆ సంగతి పెద్దాయనకి తెలుసు. చిన్నప్పుడు ఆ పిల్లాడు సూదికి ఏడుస్తుంటే ఎత్తుకుని ఊరుకోబెట్టిందీ ఆయనే.

అతన్ని పట్టుకున్న మర్నాడు పొద్దున హాల్లో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది.

ఒళ్ళో టీ ఫ్లాస్కు పెట్టుకుని, తన వంతు వచ్చేదాకా అలాగే కూర్చుంది. లోపలికి రమ్మని మనిషిని పంపితే రాలేదు. "అందరూ వచ్చిన పని మీదే నేనూ వచ్చాను, వరసలోనే వస్తాను" అందిట. ఎంత వద్దనుకున్నా ఆయన కళ్ళు అటే పోతున్నాయి. ముందున్నవాళ్ళు ఏం అడిగారో ఆయన బుర్రకెక్కలేదు.

వంతు రాగానే ఆమె ఎదుటికి వచ్చి నిలబడింది. ఇస్త్రీ పెట్టె మోసీ మోసీ ఒక భుజం కిందికి వాలిపోయి ఉంది.

"చిన్నోడా, వాణ్ని వదలమని అడగట్లేదురా. నువ్వు సభలో అన్న మాట నేనూ రేడియోలో విన్నాను. దాని మీద నువ్వెలా నిలబడతావో అది నీ ఇష్టం. ఈ మందు మాత్రం లోపలికి పంపించు చాలు."

"ఏం మందక్కా?"

"ఇంకేం మందురా, వాడి ఇన్సులిన్. ఐసు ముక్కలేసి ఈ ఫ్లాస్కులో తెచ్చాను. గోదాము గేటు దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు పడిపోయాయి. పైనుంచి ఫోన్ రాకపోతే చీమని కూడా పోనివ్వం అంటున్నారు. వాడు వేసుకుని అప్పుడే ఎంతసేపయిందో. ఒక్క ఫోనురా. నా బతుకులో నిన్ను ఇంకేం అడగను."

తనని పెంచిన మనిషి, ఎవరి ముందూ తల వంచని మనిషి, తన ఎదుట నిలబడి అడుగుతోంది. పెద్దాయనకి ఒక్కసారిగా కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. లేచాడు. వాలిపోయిన ఆ భుజం మీద చెయ్యి వేశాడు.

"నేను లేనూ? వెళ్ళి ఆ ఫ్లాస్కు మా పి.ఎ.కి ఇవ్వక్కా. ఇప్పుడే వెళ్ళిపోతుంది."

మనస్ఫూర్తిగానే అన్నాడు. అలాగని ఆయన ఆ తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్నాడు.

ఆమె హాలు దాటి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆమె ఏదో చెప్పబోయేలోగా గుమ్మం గారు రెండు చేతులతో ఫ్లాస్కు అందుకున్నారు. "అయ్యగారు చెప్పాక ఇంకేముందమ్మా, మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నారు. ఆమె వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసి తల ఊపి వెళ్ళిపోయింది. అప్పటికే ఎవరో కాంట్రాక్టరు వచ్చి పెద్దాయన ముందు కూర్చున్నాడు. తర్వాత పార్టీ ఆఫీసు, తర్వాత పత్రికలవాళ్ళు, తర్వాత సభ. ఆ రోజు, ఆ మర్నాడు కూడా ఆయనకి ఊపిరి సలపలేదు. మధ్యలో ఒకటి రెండుసార్లు మందు సంగతి గుర్తుకొచ్చింది. పి.ఎ. చూసుకుని ఉంటాడులే అనుకున్నాడు. చూసుకోవడంలో గుమ్మం గారికి గుమ్మం గారే సాటి.

కబురు శాసనసభలో తెలిసింది. సమ్మె మీద చర్చ జరుగుతోంది, పార్టీ తరఫున పెద్దాయన జవాబు చెప్పడానికి లేవబోతున్నాడు. హోం మంత్రి వెనక నుంచి వంగి చెవిలో ఊదాడు. "గోదాములో ఒకడు పోయాడండీ. మీ మేనల్లుడట కదా? అయ్యో, మాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

పెద్దాయన లేచాడు. జవాబు చెప్పడానికే లేచాడని సభ్యులంతా నిశ్శబ్దమయ్యారు. ఆయన మైకు కేసి చూసి, పక్కకి తిరిగి, వరుస దాటుకుంటూ బయటికి నడిచాడు. లాబీలో కాఫీ గది పక్కన గుమ్మం గారు నిలబడి ఉన్నారు. ఆయనకి అప్పటికే తెలిసినట్టుంది, ముఖం పాలిపోయి ఉంది.

"మందు పంపమన్నాను కదయ్యా నిన్ను?" అన్నాడు పెద్దాయన.

"ఎప్పుడండీ?"

"ఎప్పుడేమిటి! మా అక్క వచ్చిన రోజు. ఫ్లాస్కు నీ చేతికే ఇచ్చింది కదా!"

గుమ్మం గారు నేల చూపులు చూశారు.

"మీరు చెయ్యి వేశారండీ."

ఇన్నేళ్ళ కొలువులో ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా బయటికి రావడం అదే మొదలు. పెద్దాయనకి కోపం తెచ్చుకుందామనుకున్నా రాలేదు. ఏమని తిడతాడు? నేర్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పినవాణ్ణి ఏమని తిట్టాలి?

"మా అక్కయ్యా ఆవిడ" అన్నాడు చివరికి.

"చుట్టాల విషయంలో ఎప్పుడూ అంతే కదండీ. మీ తోడల్లుడుగారి బదిలీ, మీ వియ్యంకుడుగారి లైసెన్సు... చుట్టాలకే ఎక్కువగా వేస్తారు మీరు. పైగా ఆ అబ్బాయి గేటు దగ్గర మీ మీద అన్న మాటలు, మీరు సభలో చెప్పింది... ఇదంతా చూసి, మీకు ఇష్టం లేదు కాబోలు అనుకున్నానండీ." ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మందని నాకు తెలియదండీ. ఆవిడ చెప్పబోయింది, నేను వినలేదు. వినకూడదని నాకు అలవాటయిపోయింది."

"ఎక్కడుంది అది?"

"మన ఆఫీసు గది ఫ్రిజ్‌లో పెట్టానండీ. మూత తీస్తే ఐసు కనిపించింది. ఏదో తినే వస్తువేమో, పాడవకూడదని."

పెద్దాయన గోడకి ఆనుకున్నాడు. లోపల సభలో ఎవరో ఆయన పార్టీ సభ్యుడు ఆయన బదులు లేచి జవాబు చదువుతున్నాడు. "ఒక్కరిని కూడా వదిలేది లేదు" అన్న చోట మళ్ళీ చప్పట్లు మోగాయి.

కారులో వెళ్తూ ఆయన తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. ఆ రోజు అది ప్రేమతో లేచిందనే ఆయన నమ్మకం. గుండెల్లో ఏడుపు నిజం, అందులో అబద్ధం లేదు. అయితే మేనల్లుడు స్టూలెక్కి అన్న మాట ఆ రోజు ఆ గుండెలో ఎక్కడా లేదా? చేతికి తెలిసింది తనకి తెలియలేదా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. తేలనందుకు ఆయనకి భయం వేసింది. ఎన్నికలకి భయపడని మనిషి, తన ఒంటికి అతుక్కుని ఉన్న చేతికి భయపడ్డాడు.

అక్కకి చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాడు. ఎలా చెప్పాలో మనసులోనే కూడబలుక్కున్నాడు. "అక్కా, మందు వెళ్ళలేదు. నా ఇంట్లోనే ఉండిపోయింది. తప్పు గేటు దగ్గరవాళ్ళది కాదు, నాది." ఇంత చిన్న మాట. సభలో గంటలకొద్దీ మాట్లాడినవాడికి ఇదొక లెక్కా? ఆమె చెప్పు తీసుకుని కొట్టినా పడదాం అనుకున్నాడు. అలా అనుకున్నాక కాస్త ఊపిరి ఆడింది.

డిపో వెనక వీధి నిండా సమ్మె కార్మికులు నిలబడి ఉన్నారు. కారు చూసి ఎవరూ అరవలేదు, దారి ఇచ్చారు. ఆ నిశ్శబ్దం కన్నా రాళ్ళు వేసినా బాగుండేదనిపించింది. కొట్టులో ఇస్త్రీ బల్ల మీద ఎవరివో చొక్కాలు సగం మడతపెట్టి అలాగే ఉన్నాయి. పెద్దాయన రెయిలింగు పట్టుకుని మెట్లెక్కాడు. వెనకే గుమ్మం గారు ఎక్కి, అలవాటు చొప్పున గది తలుపు దగ్గర ఆగిపోయారు.

శవాన్ని ఇంకా ఇవ్వలేదు. గదిలో అక్క ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తమ్ముణ్ణి చూసి పక్క గదిలోకి తప్పుకున్నారు. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం అది.

"అక్కా" అన్నాడు. కూడబలుక్కున్న మాటలు గొంతు దాకా వచ్చాయి.

"వచ్చావా చిన్నోడా?" ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వు చేయాల్సింది చేశావురా. నీ మీద నాకేం లేదు. ఆ రోజు నువ్వు అలా లేచి నా మీద చెయ్యి వేసేసరికి, నా బిడ్డ బతికాడనుకుని ఇంటికొచ్చి వండుకు తిన్నాను. ఆకలేసిందిరా నాకు, అప్పటికి."

ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"నువ్వు పంపావు, వాళ్ళు ఇవ్వలేదు. ఫ్లాస్కు కాళ్ళొచ్చి నడిచిపోదు కదా? ఎవడో తీసుకున్నాడు, ఎవడో పక్కన పెట్టాడు. నీ ఇంటి నుంచి వాడి దాకా వెళ్ళే దారిలో అది ఎవడి దగ్గర ఆగిపోయిందో నాకు తెలియాలిరా. వాడి ముఖం నేను ఒక్కసారి చూడాలి. ఏమీ చేయను, చూస్తానంతే. పెద్ద పెద్ద విచారణలన్నీ వేయిస్తావు కదా నువ్వు? నా కోసం ఈ ఒక్కటీ కనుక్కో."

ఇప్పుడు చెప్పాలి. ఇంతకన్నా తలుపు బార్లా తెరిచి ఎవరూ అడగరు. పక్క గదిలో ఆడవాళ్ళు ఉన్నారు, కింద వీధిలో కార్మికులు ఉన్నారు, ఈ గదిలో పలికిన మాట నిమిషంలో డిపో దాటుతుంది, రాత్రికి ఊరంతా పాకుతుంది. రేపు సభలో ముందు వరుస మొదటి కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. ఈ లెక్కలన్నీ వేయడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. ఆయన వేసుకోలేదు కూడా, వాటంతటవే పడిపోయాయి.

"కనుక్కుంటానక్కా" అన్నాడు. "వాణ్ని ఊరికే వదలను. నేను లేనూ?"

ఆమె చేతిలోంచి ఆయన చెయ్యి బయటికి వచ్చి, పైకి లేచి, వాలిపోయిన ఆ భుజం మీద పడింది. ఈసారి అది ఎందుకు లేచిందో ఆయనకి బాగా తెలుసు. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న అక్క, ఆ చెయ్యి పడగానే దాని మీదికి తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

విచారణ మాట వినగానే తలుపు దగ్గర గుమ్మం గారు ఫోన్ బయటికి తీశారు. ఎవరికి చేయాలో, ఏమని చెప్పాలో ఆయనకే తెలియదు, అయినా తీశారు. తల ఎత్తి పెద్దాయన వైపు చూశారు. పెద్దాయన కూడా ఆయన్నే చూస్తున్నాడు. చెయ్యి తీసేయడానికి కావలసినంత వ్యవధి ఉంది. ఆయన తీయలేదు.

గుమ్మం గారు ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.